గండికోట జామియా మసీదు నుంచి మన వీధి మసీదు దాకా: పాత కట్టడాల రక్షణకు ఏ రూల్ వర్తిస్తుంది?

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే పెన్నా లోయ అంచున గండికోట వస్తుంది. జామియా మసీదు, పక్కనే పెద్ద ధాన్యాగారం, కాస్త నడిస్తే మాధవరాయ ఆలయం. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయన్ను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. ఇప్పుడీ కోట కేంద్ర పురావస్తు శాఖ, అంటే ఏఎస్ఐ, రక్షణలో ఉంది. కోట గోడల లోపలే ఒక ఊరు కూడా ఉంది. అక్కడి కుటుంబాలకు ఇంటి పైకప్పు మార్చుకోవడం కూడా చట్టంతో ముడిపడిన పనే.

ఆ చట్టం 1958లో వచ్చింది, 2010లో సవరించారు. రక్షిత కట్టడం హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అందులో కొత్త కట్టడం కుదరదు. దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ అనుమతి తెచ్చుకుంటే కట్టుకోవచ్చు. చాలామంది పొరపడేది కొలత దగ్గరే. దూరాన్ని మినార్ నుంచో గోపురం నుంచో కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి కొలుస్తారు. మొత్తం కోటనే రక్షిస్తున్న చోట ఈ తేడా చాలా పెద్దది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అలాగని 100 మీటర్ల లోపల ఇల్లున్నవాళ్లు కూలే గోడను చూస్తూ కూర్చోవాల్సిన పని లేదు. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత ఏఎస్ఐ అనుమతితో కట్టిన ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందుకే పాత ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, దస్తావేజులు పారేయకూడదు. ఇల్లు ఆ తేదీకి ముందే ఉందని చూపడానికి అవే ఆధారం. మురుగు కాల్వలు, ప్రజా మరుగుదొడ్లు, ప్రజల నీటి సరఫరా పనుల్ని చట్టం 'నిర్మాణం' కింద లెక్కపెట్టదు.

దరఖాస్తు కాంపిటెంట్ అథారిటీకి వెళ్తుంది. ఆ అధికారి 15 రోజుల్లో దాన్ని జాతీయ స్మారక కట్టడాల అథారిటీకి పంపాలి. అథారిటీ రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, ఆపైన నెలలో తుది జవాబు రావాలి. ఇవి చట్టంలో రాసిన గడువులు. మునిసిపాలిటీ గానీ పంచాయతీ గానీ ప్లాన్ పాస్ చేసిందంటే ఈ అనుమతి కూడా వచ్చేసినట్టు కాదు, రెండూ వేర్వేరు. గండికోట టూరిజానికి కేంద్రం 2024లో సుమారు 78 కోట్లు మంజూరు చేసింది. ఆ ఊపులో దగ్గర్లో స్థలం కొనేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే హద్దు కొలిపించుకోవడం మంచిది.

ఇక ఇబాదత్ సంగతి. రక్షిత కట్టడంలో ఆచారంగా వస్తున్న మతపరమైన వాడకానికి చట్టం 5వ సెక్షన్ అడ్డు చెప్పదు. ప్రార్థనా స్థలాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. ఫొటోషూట్లకూ వంటలకూ మసీదు సెహన్‌ను వాడేవాళ్లకు ఈ సెక్షన్ గుర్తుచేయవచ్చు. అయితే ఏఎస్ఐ రక్షణలోకి తీసుకునే నాటికి నమాజు ఆగిపోయిన చోట మళ్లీ మొదలుపెట్టడానికి శాఖ సాధారణంగా ఒప్పుకోదు. గుళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి.

వక్ఫ్ రికార్డులో పేరుంటే కట్టడం భద్రమే అనే నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంది. వక్ఫ్ చట్టం ఆస్తి అమ్మకాన్నీ ఆక్రమణనూ అడ్డుకుంటుంది. రాతి మిహ్రాబ్‌ను పగలగొట్టి టైల్స్ వేయడాన్ని ఆపడం దాని పని కాదు. 2025 ఏప్రిల్ 8 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 3డి సెక్షన్ కొత్తగా చేరింది. కట్టడం అప్పటికే కేంద్ర రక్షణలో ఉండగా దాన్ని వక్ఫ్‌గా ప్రకటించి ఉంటే ఆ ప్రకటన చెల్లదని అందులో ఉంది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 15న కొన్ని నిబంధనలపై స్టే ఇచ్చింది గానీ ఈ సెక్షన్‌ను ఆపలేదు. ఆచారంగా వచ్చే ప్రార్థనలకు పురావస్తు చట్టంలోనే వీలుందని ఆ సందర్భంలో గుర్తుచేసింది. కాబట్టి ముతవల్లీలు చూసుకోవాల్సినవి రెండు తేదీలు: కట్టడం రక్షణలోకి వెళ్లిన తేదీ, వక్ఫ్ గెజెట్ తేదీ.

ప్రొద్దుటూరు, పులివెందుల వీధుల్లో సమస్య ఇంకో రకం. ఏ రక్షిత జాబితాలోనూ లేని పాత మసీదులు, దర్గాలు, సత్రాలే ఎక్కువ. వీటి దగ్గర 100 మీటర్ల రూల్ లేదు, కూల్చకుండా ఆపే రూలూ లేదు. జుమాకు చోటు చాలక కమిటీ చందాలు పోగుచేసి, పాతది తీసేసి స్లాబు వేస్తుంది. ఆ ఇబ్బంది నిజమైనదే, వాళ్ల నీయతును తప్పుపట్టలేం. కానీ పాత ప్రార్థన గదిని అలాగే ఉంచి, స్థలం ఉంటే పక్కకో వెనక్కో పెంచుకునే దారి ఉందేమో ఇంజినీరును ముందే అడగాలి.

అలాంటి కట్టడాన్ని రక్షించాలని రాష్ట్ర పురావస్తు శాఖను కోరవచ్చు. దీనికి 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. జమాత్ మాత్రం ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. రక్షిత జాబితాలోకి వెళ్లాక వజూఖానా మార్చాలన్నా శాఖను అడగాల్సిందే. రోజూ ఐదు పూటలా నిండే మసీదుకు అది భారం కావచ్చు. వాడకం తగ్గి, గోడలు బీటలిస్తున్న పాత దర్గాకు అదే ఆసరా కావచ్చు.

జాబితాలోకి వెళ్లకపోయినా సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయకూడదు. సున్నం గోడలోని తేమ బయటికి పోతూ ఉంటుంది, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. కొన్నేళ్లకు ఉప్పు పేరుకుని, పెచ్చులతో పాటు రాయి కూడా రాలుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆగడమే నయం. పని మొదలయ్యే ముందు శాసనాలు, రాతలు, మినార్లు అన్నిటికీ ఫొటోలు తీసి, కొలతలు రాసి, ఒక కాపీ వక్ఫ్ బోర్డు జిల్లా ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోవాలి.