ఎర్వాడి గొలుసులు

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాలలో ఒకటి అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక మరణించారు. కలలో దైవాజ్ఞ అయితే జబ్బు నయమవుతుందని నమ్మి, హిందువులూ ముస్లిములూ తమవాళ్ళను అక్కడ వదిలేవారు.

ఆనాడు తరగతిలో నేను దీన్ని మూఢనమ్మకమని ఒక్కమాటతో తేల్చేశాను. ఆ తీర్పు చాలదని ఇప్పుడనిపిస్తోంది. లోకం వెలివేసిన మనిషికి దర్గా నీడనిచ్చింది. ఆ నీడలో గొలుసు బిగించింది నమ్మకంతో సాగిన వ్యాపారం, వైద్యాన్ని పేదలకు చేర్చని ప్రభుత్వం. గొలుసులను నిషేధించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో గాని రాలేదు. తర్వాతి కాలంలో ఎర్వాడి దర్గా దగ్గరే ప్రభుత్వ వైద్యులు కూర్చున్నారు. ప్రార్థన ఆగలేదు, మందూ అందింది.

మూఢవిశ్వాసాన్ని మనం ఎండగట్టాం, సరే. కొడుకును అక్కడ వదిలి వెనుదిరిగిన తల్లిని ఎందరం రాశాం?