కత్తి బరువు, కాలపు లెక్క

వేసవికి వచ్చిన మా మనవడు కంప్యూటరు తెరపై ఆళ్ళెత్తు ఖడ్గం ఒకటి ఝళిపించబోయాడు. అది పక్కగోడకు తగిలి వెనక్కి తుళ్ళింది. ఆ తొట్రుపాటులో శత్రువు వాణ్ణి పొడిచివేశాడు. "ఇరుకుసందులో పెద్దకత్తి పనికిరాదు తాతయ్యా" అన్నాడు వాడు, తప్పంతా నాదే అన్నట్లు. ఆ ఒక్క మాటతో నాకు ఆ ఆటమీద ఆసక్తి కలిగింది. ఆయుధానికి పొడవుంది, దానివల్ల నష్టమూ ఉంది. మన జానపద చిత్రాలలోని కత్తులకు ఈ బాధ ఎన్నడైనా ఉన్నదా?

ఆట పేరు డార్క్ సోల్స్. హిదెతకా మియజాకి దర్శకత్వంలో జపానుకు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2011లో వెలువరించింది. దీని వంశవృక్షం 1974 దాకా పోతుంది. ఆ ఏడు అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆటను ప్రచురించారు. అందులో మొదట బాకుపోటైనా ఖడ్గప్రహారమైనా ఆరుముఖాల పాచికతోనే తేలేది, రెండూ సమానమే! 1975లో వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధంలో బాకుకు నాలుగు ముఖాల పాచిక, ఖడ్గానికి ఎనిమిది ముఖాలది ఏర్పడ్డాయి. ఆయుధభేదం సంఖ్యాభేదమైంది.

1996-97 సంధిలో వచ్చిన డయాబ్లో మరో దారి తొక్కింది. కత్తి పేరుకు ముందొక విశేషణం, వెనకొక ప్రత్యయం యాదృచ్ఛికంగా తగిలించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణం కట్టబెట్టారు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక ఇది విని నవ్వుకున్నాను.

డార్క్ సోల్స్‌లో మాత్రం సంఖ్య ఒక్కటే కాదు, కాలం కూడ ఆయుధమే. మీట నొక్కి కత్తి ఎత్తినాక మనసు మార్చుకొనుటకు వీలులేదు; వేటు పూర్తి కావలసిందే. బరువైన కత్తికి ఆ వ్యవధి ఎక్కువ, దానికి ఖర్చయ్యే దమ్మూ ఎక్కువ. మోసే బరువు శక్తిలో నాలుగోవంతు దాటితే దొర్లి తప్పుకొనే వేగం తగ్గుతుంది, సగం దాటితే బస్తా దొర్లినట్లే. జ్వైహాండర్ అనే జర్మను పేరుగల ఖడ్గానికి 24 బలం కావాలి. అయితే రెండుచేతులా పడితే బలాన్ని ఒకటిన్నర రెట్లుగా లెక్కిస్తారు గనుక 16 చాలు. ఈ లెక్క నాకెంతో నచ్చింది. నిజానికి ఐరోపా యుద్ధాలలో వాడిన ఆ ద్విహస్త ఖడ్గాలు చాలావరకు రెండు మూడు కిలోల బరువే. ఆటలోని ఆ బండతనం కల్పన.

అగ్నిపురాణంలోని ధనుర్వేదం ఆయుధాలను యంత్రముక్తం, పాణిముక్తం, ముక్తసంధారితం, అముక్తం అని చేతిని విడిచే తీరును బట్టి విభజించింది. ఈ ఆట తగిలే తీరును బట్టి విభజిస్తుంది: నరుకు, పొడుపు, మోదు. దానిపైన బడిలో మార్కుల్లాగా అక్షరాలు. కత్తికి బలం వరుసలో 'ఎ' ఉంటే, ఆటగాని బలం పెరిగినకొద్దీ దెబ్బ బాగా పెరుగుతుంది. 'ఇ' ఉంటే నామమాత్రం.

వంతెనమీది డ్రాగన్ తోకను దూరంనుండి బాణాలతో తెంపితే ఆరంభంలోనే 200 దెబ్బగల డ్రేక్ ఖడ్గం లభిస్తుంది. దానికి అక్షరమే లేదు! ఆటగాడు ఎంత సాధన చేసినా, బలం ఎంత పెంచుకున్నా, ఆ కత్తి వాని వృద్ధిని గుర్తించదు. సగం ఆటకు వచ్చేసరికి మావాడు దాన్ని పట్టుకొని కూర్చున్నాడు, వదలమంటే ఒప్పుకోడు. ముప్పైయేళ్ళపాటు గైడుపుస్తకాలతో గట్టెక్కిన పిల్లల్ని చూసినవాణ్ణి. నాకు కోపం రాలేదు, దిగులేసింది.

అరుగుదల సంగతి విచిత్రం. వాడినకొద్దీ కత్తి అరిగి, బాగుచేయించకపోతే విరుగుతుంది. 2014లో వచ్చిన రెండవభాగం సెకనుకు 60 చిత్రాలు చూపే కంప్యూటర్లపై, 30 చిత్రాల యంత్రాలకన్న రెట్టింపు వేగంతో కత్తులను అరగదీసింది. దెబ్బ తగిలిన ప్రతి చిత్రానికీ అరుగుదల లెక్కకట్టడమే కారణం. 2015లో గాని దీన్ని సవరించలేదు. యంత్రం వేగంగా చూస్తే ఇనుము వేగంగా అరిగిందన్నమాట!

2022లో అదే సంస్థ తెచ్చిన ఎల్డెన్ రింగ్‌లో అరుగుదలే తీసివేశారు. సానకత్తి ఉంది గాని, అది ఆయుధానికి అబ్బిన విద్యను మార్చుటకు మాత్రమే. మావాడు హాయిగా ఉందంటాడు. నాకైతే కొలిమి దగ్గరికి పోయే పని తప్పినందుకు కొంచెం వెలితిగానే ఉంది.