స్టీవీ వండర్ క్రిస్మస్ పాటలు

డిసెంబర్ వచ్చిందంటే ఇక్కడి షాపుల్లో, రేడియోల్లో అన్నీ పాత క్రిస్మస్ పాటలే. వాటిలో మా పిల్లలకు నేను పనిగట్టుకుని వినిపించేది స్టీవీ వండర్ ‘సమ్‌డే ఎట్ క్రిస్మస్’. 1967లో మోటౌన్ వారి టామ్లా లేబుల్ మీద వచ్చిన ఆల్బమ్. అప్పటికి అతనికి 17 ఏళ్లు. నెలలు నిండకుండా పుట్టి, ఇంక్యుబేటర్‌లో ఇచ్చిన ఆక్సిజన్ ఎక్కువై చూపు పోగొట్టుకున్నవాడు.

అన్ని పాటలూ గొప్పవని చెప్పను. ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ మీ’ పసివాళ్లకే. ‘వాట్ క్రిస్మస్ మీన్స్ టు మీ’ వింటే మాత్రం కాళ్లు ఊరుకోవు. ‘ఆవే మరియా’లో అతని హార్మోనికా తప్పక వినండి.

అసలు సంగతి టైటిల్ పాటలో ఉంది. రాన్ మిల్లర్, బ్రయాన్ వెల్స్ రాసిన ఈ పాట 1966లోనే సింగిల్‌గా వచ్చింది. 18 నిండిన కుర్రాళ్లను వియత్నాం యుద్ధానికి పిలుస్తున్న రోజులవి. పాడుతున్న గొంతుకు 16. యుద్ధం, ఆకలి లేని క్రిస్మస్ ఒకటి వస్తుందంటాడు. మనం బతికుండగా రాకపోవచ్చనీ అంటాడు. పండగ పాటలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

1970లో జాక్సన్ 5 కూడా దీన్ని పాడారు, మైకేల్‌కి అప్పుడు 12. పిల్లలకు ముందు స్టీవీదే పెట్టండి.