పడిగె చెప్పే ఇంటిపేరు

"మీదే గట్టన్నా?"

సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దమనిషి మంచం మీద సరిగ్గా కూర్చోకముందే అడిగే మాట ఇది. పిలగాడు ఎంతవరకు చదివాడు, పోడు ఎంతుంది, సింగరేణిలో పనేమైనా దొరికిందా అన్నవన్నీ ఆ తర్వాతే.

"అయిదో గట్టు మామా."

"అట్లయితే ఇంక మాటల్లేవు. మాదీ అయిదే. పిల్లా పిలగాడూ అన్నాచెల్లెళ్లయితరు."

రెండు కుటుంబాల ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు. మధ్యలో గోదావరి ఉంది. ఎన్ని తరాలు వెనక్కి వెళ్లినా చుట్టరికం ఆనవాలు దొరకదు. అయినా పెళ్లి మాట అక్కడితో ఆగిపోతుంది. కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న కోయ గూడేల్లో ఇది ఏదో ఒక ఇంట్లో జరిగిన కథ కాదు, ప్రతి ఇంట్లోనూ జరిగేదే.

కుంజా, సోడె, కారం, తెల్లం, పూనెం, పాయం, ఇర్ప, కొమరం... కోయల ఇంటిపేర్లు చాలా ఉన్నాయి. అవన్నీ మూడు నుంచి ఏడు దాకా ఉన్న అయిదు గట్లలోకి చేరతాయి. ఒక గట్టు వాళ్లంతా ఒకే వేల్పుల కుదురుకు చెందిన అన్నదమ్ములని లెక్క. ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, గట్టు ఆ ఇంటిపేరుతోపాటే నడుస్తుంది. ఈ లెక్క రెవెన్యూ ఆఫీసు రికార్డుల్లో లేదు, ఆధార్ కార్డులోనూ లేదు. మరి ఎవరి దగ్గరుంది?

దోలోళ్ల దగ్గర.

కోయల వంశకథలు పాడడమే వృత్తిగా తరతరాలుగా బతికినవాళ్లు దోలోళ్లు. వేల్పు కొలుపు జరిగే నాడు ఇలవేల్పును ఏటికి తీసుకుపోయి స్నానం చేయిస్తారు. రాత్రికి గూడెమంతా ఒకచోట చేరుతుంది. డోలు మీద దెబ్బ పడుతుంది, కంచుతాళం అందుకుంటుంది. పడిగె మడత విప్పుతారు. అది జెండాలా మూడు మూలల గుడ్డ. దాని మీద మనుషుల బొమ్మలు, జంతువులు, వేల్పుల గుర్తులు ఉంటాయి. అక్షరం ఒక్కటీ కనిపించదు. దోలాయన ఒక్కో బొమ్మనూ చూపిస్తూ కథ ఎత్తుకుంటాడు. మొదటి మనిషి ఎక్కడ పుట్టాడు, ఏ రాజు ఏ కోట కట్టాడు, ఏ అన్నదమ్ములు విడిపోయి ఏ ఏరు దాటారు, ఎవరి వేల్పును ఎవరు మోసుకొచ్చారు అన్నీ వరుసగా వస్తాయి. ఇంటిపేరు పాటలోకి రాగానే ఆ ఇంటివాళ్లు సర్దుకుని కూర్చుంటారు. పసిపిల్లలు నిద్రపోతారు. పూజ చేసే వడ్డె మాత్రం రెప్ప వాల్చడు.

అలా పాడినవాళ్లలో దేశమంతటికీ తెలిసిన పేరు సకిని రామచంద్రయ్య. ఆయన ఊరు కూనవరం. శబరి గోదావరిలో కలిసే చోట ఉన్న కూనవరం కాదు, బొగ్గు గనుల మణుగూరు పక్కన ఉన్న కూనవరం. కంచుమేళం, కంచుతాళం ఆయన కళ. మేడారం వేల్పులైన సమ్మక్క సారలమ్మల కథ, సమ్మక్క భర్త పగిడిద్దరాజు కథ, కోయ వంశాల పుట్టుపూర్వోత్తరాలు ఆయన నోటి మీదే ఉండేవి. కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవాడు, ఎదురుగా పుస్తకం లేకుండానే. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు పడిగెల వెంట గూడేలు తిరిగి, వాటి మీది బొమ్మలనూ వాటితో నడిచే పాటనూ జతగా నమోదు చేశారు. బొమ్మ ఒక్కటే దొరికితే అర్థం కాదు. పాట ఒక్కటే దొరికినా సగం కథ గుడ్డ మీదే ఉండిపోతుంది.

2022లో రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. పేపర్లు ఒక కళాకారుడు పోయాడని రాశాయి. ఆ రోజు మూతపడింది నిజానికి ఒక రికార్డు రూము.

రికార్డు రూము మూతపడితే ఏమవుతుందో ఐర్లండ్ వాళ్లకు బాగా తెలుసు. 1922 జూన్ 30న అంతర్యుద్ధం మధ్య డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. శతాబ్దాల నాటి వీలునామాలు, చర్చి పుస్తకాలు, 1821 నుంచి 1851 దాకా చేసిన జనాభా లెక్కల్లో చాలా భాగం బూడిదయ్యాయి. ఇవాళ అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ ఐరిష్ కుటుంబాలు తాతల ఊరు వెతుక్కుంటూ వెళితే, చాలామందికి దారి ఆ మంట దగ్గరే ఆగిపోతుంది. వాళ్లకూ ఒకప్పుడు మన దోలోళ్ల లాంటి వంశచరిత్రకారులు ఉండేవాళ్లు. ఆ వృత్తి కుటుంబంలో పుట్టిన డువల్టాక్ మక్ ఫిర్బిసి 1650 ప్రాంతంలో గాల్వేలో కూర్చుని ఐరిష్ వంశావళులను ఒక మహాగ్రంథంగా రాసిపెట్టాడు. కాలిపోగా మిగిలిన ఆధారాల్లో అదొకటి.

కాగితం కాలిపోయాక వాళ్లు రక్తాన్ని అడిగారు. మగవాళ్లలో ఉండే వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. ఇంటిపేరు వచ్చే దారి కూడా అదే. అందుకే ఒకే ఇంటిపేరున్న ఇద్దరు మగవాళ్ల వై క్రోమోజోమ్‌లు పోలిస్తే, వాళ్లకు ఎన్ని తరాల కిందట ఒకే తాత ఉన్నాడో అంచనా కట్టవచ్చు. 2006లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు వాయవ్య ఐర్లండ్ మగవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఒకే గుర్తు ఉందని తేల్చారు. అయిదో శతాబ్దపు రాజు నియల్ వంశీకులమని చెప్పుకునే ఇంటిపేర్లలో అది ఇంకా ఎక్కువగా కనబడింది. రాజు సంతానం దొరికిందని పత్రికలు పండగ చేసుకున్నాయి. తర్వాత లెక్కలు సరిచూస్తే ఆ గుర్తు నియల్ కంటే ముందునాటిదని తేలింది. చుట్టరికం నిజమే, మూలపురుషుడు మాత్రం వేరే ఎవరో.

ఇలాంటి డీఎన్‌ఏ పరీక్ష కోయలకూ జరిగింది. 2003లో ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయానికి చెందిన టూమస్ కివిసిల్డ్ బృందం ఆంధ్ర ప్రాంతపు చెంచుల, కోయల డీఎన్‌ఏను దేశంలోని కొన్ని కులాల వాళ్లతో పోల్చి అమెరికన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో ప్రచురించింది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో కోయలవి ఈ ఉపఖండంలోనే పుట్టి పెరిగిన కొమ్మలు. అవే కొమ్మలు దేశమంతటా పెద్ద కులం, చిన్న కులం తేడా లేకుండా కనిపించాయి. గిరిజనులకూ కులాల వాళ్లకూ వారసత్వంలో ఎక్కువ భాగం ఒక్కటేననీ, అది వేల సంవత్సరాల లెక్క కాదు, పదుల వేల లెక్కలోదనీ ఆ పరిశోధన సారాంశం. అడవిలో ఉన్నవాణ్ణి ఎవరో వేరే జాతిగా చూసేవాళ్లకు అది గట్టి జవాబే.

కానీ మంచం మీద కూర్చున్న పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. గోదావరికి ఈ ఒడ్డున ఒక కుంజా, ఆ ఒడ్డున ఒక కుంజా ఉంటే, వాళ్లిద్దరి తాత ఒకడేనా అన్నది వై క్రోమోజోమ్ చెప్పగలదు. వేరువేరు ఇంటిపేర్లున్న ఇద్దరు ఒకే వేల్పు ముందు అన్నదమ్ములు ఎందుకయ్యారో అది చెప్పలేదు. ఆ బంధం రక్తంతో వచ్చిందో, ఒక యుద్ధంలో చేయి కలపడంతో వచ్చిందో, వలస దారిలో ఒకరి వేల్పును ఒకరు మోయడంతో వచ్చిందో తెలిసింది పాటకే.

ఇంకా ముందుకు వెళ్లనక్కర్లేదు, మేడారం దగ్గర ఆగితే చాలు. జనం చెప్పుకునే కథలో సమ్మక్క అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిపాప. కోయదొరలు ఎత్తుకొచ్చి పెంచారు. ఆమె కన్నతల్లి ఎవరో కథ చెప్పదు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లక్షల మంది మొక్కేది ఆ దొరికిన బిడ్డకే. ఆమె కోయల ఆడబిడ్డ అవునా కాదా అని ఏ గూడెంలోనూ ఎవరూ అడగరు. పెంచినవాళ్లు మా పిల్ల అన్నారు, పాట ఒప్పుకుంది. కోయ లెక్కలో వంశమంటే పుట్టుక ఒక్కటే కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అందుకే పాట, డీఎన్‌ఏ అనే ఈ రెండు దారుల్లో ఏది ముందన్నది తేల్చుకోవాలి. డీఎన్‌ఏకు తొందర లేదు. అది మనవడిలో ఉంది, మునిమనవడిలోనూ ఉంటుంది. ఇష్టపడి ఇచ్చేవాళ్లుంటే యాభై ఏళ్ల తర్వాతైనా పరీక్ష చేసుకోవచ్చు. పాటకు ఆ వెసులుబాటు లేదు. డోలు పట్టుకోవడం కంటే మణుగూరు ఓపెన్ కాస్ట్ గనిలో కాంట్రాక్టు పని నయమనుకునే కుర్రవాణ్ణి తప్పుపట్టలేం. వంశకథ పాడితే ఇల్లు గడవాలి కదా. అవార్డు ఒక్కరికి వస్తుంది. ఆ ఒక్కరి తర్వాత డోలు అందుకునేవాడికి నెలనెలా చేతిలో ఏదైనా పడితేనే పాట మిగులుతుంది. భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) నడిపే ఆశ్రమ పాఠశాలల్లో చదివేది ఈ గూడేల పిల్లలే. వారానికి ఒక పూట దోలాయనను పిలిచి, పని చేసినందుకు డబ్బిచ్చి, పడిగె విప్పించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

అంతదాకా గూడేలు తమంతట తాము చేయగలిగిన పని ఒకటుంది. వచ్చే కొలుపుకు తమ వేల్పు ముందు పాడేదెవరు, ఆయన దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నదెవరు అని అడిగి చూడాలి. రెండో ప్రశ్నకు పేరు రాకపోతే, ఆ ఇంటిపేరు కథకు మిగిలింది ఒక్క మనిషి ఆయుష్షే.