పట్టా వదిలిన విమానం

ఖరగ్‌పూర్ అంటే మనవాళ్లకు రైళ్ల ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఈ ఊళ్లో విమానం కథ చెప్పాలన్నా పట్టాతోనే మొదలుపెట్టాలి. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల విమానం 60 అడుగుల చెక్క పట్టా మీద పరుగుతీసే గాల్లోకి లేచింది. దానికి సొంత చక్రాలు లేవు, నేల మీద మలుపు తిరిగే పనీ లేదు.

పట్టా వదిలాకే చిక్కొచ్చింది. తొలినాళ్ల విమానాలు తోక కింద చెక్కబద్దను ఈడ్చుకుంటూ పోయేవి. తర్వాత అక్కడ చిన్న చక్రం వచ్చింది. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరికో ఎగరడం నేర్పిన పుష్పక్ కూడా తోకచక్రం విమానమే. అయితే వీటి బరువు ప్రధాన చక్రాలకు వెనక పడుతుంది. అదుపు కాస్త తప్పినా గిర్రున తిరిగిపోతాయి. అందుకే పోనుపోను ఆ చక్రం ముక్కు కిందికి మారింది.

చక్రాలు నేల మీది సంగతి. రెక్క వెనక అంచున కిందికి వంగే పలక ఫ్లాప్. అది పుట్టింది వేరే అవసరం కోసం. వేగంగా ఎగిరేందుకు చిన్న రెక్క చాలు, నెమ్మదిగా దిగేందుకు పెద్ద రెక్క కావాలి. ఓర్విల్ రైట్, జేమ్స్ జాకబ్స్‌లు రెక్క అడుగుభాగం మాత్రమే కిందికి తెరుచుకునే ఫ్లాప్‌కు 1924లో పేటెంటు పొందారు. హార్లన్ ఫౌలర్ అనే అమెరికన్ ఇంజనీరు ఇంకా ముందుకెళ్లాడు. ఆయన ఫ్లాప్ వెనక్కి జారి, ఆపైన వంగుతుంది. దాంతో రెక్కకు వైశాల్యమూ వంపూ రెండూ పెరుగుతాయి.

1944లో ఆ ఫౌలర్ ఫ్లాప్‌లతోనే అమెరికా బి-29 బాంబర్లు ఖరగ్‌పూర్ చుట్టుపక్కల వాలాయి. ఊరి పక్కనున్న హిజ్లీ నిర్బంధ శిబిరం వాటి బాంబర్ కమాండ్‌కు కేంద్రమైంది. అంత భారీ విమానానికీ ముక్కుచక్రం స్వేచ్ఛగా తిరిగేదే తప్ప పైలట్ చేతిలో ఉండేది కాదు. ఒక పక్క బ్రేకు తొక్కో, ఇంజన్ల జోరు హెచ్చుతగ్గులు చేసో తిప్పాలి. జూన్ 5న వాటి తొలి దాడికి 98 బయల్దేరాయి. గురి బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపు. రైల్వే ఊరి పక్కనుంచి లేచి మరో రైల్వే వర్క్‌షాపు మీద బాంబులు వేయడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1951లో అదే హిజ్లీలో ఐఐటీ తరగతులు మొదలై, ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదువూ వచ్చింది.

ఇక చిన్న విమానం. 1956లో అమ్మకానికొచ్చిన సెస్నా 172నే చూడండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు నేల మీద మలుపు తిరగడానికి కారులోలా చేతిలోని చక్రం తిప్పుతారు, విమానం మాత్రం నేరుగా పోతూనే ఉంటుంది. తిప్పాల్సింది కాళ్లతో. ఎడమ పెడల్ నొక్కితే తోకమీది చుక్కానితో పాటు, స్ప్రింగుల ద్వారా ముక్కుచక్రమూ ఎడమకు సుమారు 10 డిగ్రీలు తిరుగుతుంది. పెడల్ పైభాగం నొక్కితే ఆ వైపు చక్రానికి బ్రేకు పడి, మలుపు 30 డిగ్రీల దాకా వస్తుంది.

దీని ఫ్లాప్‌లను మొదట్లో సీట్ల మధ్య ఉన్న లీవర్‌తో చేత్తో లాగేవారు. 1960ల నడుమ ఎలక్ట్రిక్ మోటారు వచ్చింది. మొదటి 10 డిగ్రీలు ఎక్కువగా రెక్కకు పైకెత్తే బలాన్నిస్తాయి, ఆపై దించేకొద్దీ గాలి అడ్డే పెరుగుతుంది. పూర్తిగా 40 డిగ్రీలు దించాక దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాల్సి వస్తే ఇంజను నానా అవస్థ పడేది. 1980ల నమూనాల నుంచి 30 దగ్గరే ఆపేశారు.