పైడి జైరాజ్: కరీంనగర్ నుంచి బొంబాయికి

చిన్న క్విజ్. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మొదటి తెలుగు నటుడెవరు? చాలామంది అక్కినేని అంటారు. కాదండీ. అక్కినేనికి వచ్చింది 1990లో. పైడి జైరాజ్‌కి 1980లోనే వచ్చింది.

ఆయన 1909లో కరీంనగర్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, 1929లో బొంబాయి వెళ్ళిపోయారు. అప్పటికి తెలుగు టాకీ అనేదే లేదు (భక్త ప్రహ్లాద వచ్చింది 1932లో). అవి మూకీల రోజులు. మంచి ఒడ్డూ పొడుగూ, చూడచక్కని మొహం ఉంటే చాలు, హీరో ఏ భాషవాడన్నది ఎవరికీ పట్టదు. 1931లో ఆలం ఆరాతో మన సినిమాకి మాటలొచ్చాయి. చాలామంది మూకీ తారల కథ అక్కడితో ముగిసింది. జైరాజ్ మాత్రం నిలబడ్డారు.

ఎలా? నాకు తోచిన కారణం ఉర్దూ. నిజాం రాజ్యంలో కచేరీ భాష అదే. మా హాలియాలో ఇప్పటికీ పహాణీ, తహసీలు అనే అంటాం. "తురకం కలిసిన తెలుగు" అని ఒకప్పుడు మనవాళ్ళని ఎగతాళి చేసేవారు చూడండి, ఆ తురకమే ఆయనకి బొంబాయిలో అన్నం పెట్టింది!

దీనికి పూర్తిగా ఉల్టా కథ జర్మన్ నటుడు కాన్రాడ్ వైట్‌ది. 1920 నాటి "డాక్టర్ కాలిగరి"తో పేరు తెచ్చుకున్న మూకీ స్టార్. భార్య యూదురాలు. 1933లో నాజీలు రాగానే ఇద్దరూ దేశం వదిలేశారు. చివరికి హాలీవుడ్‌లో అతనికి దొరికిందేంటి? కాసాబ్లాంకా (1942)లో నాజీ మేజర్ వేషం. ఎవరి వల్ల ఊరు వదిలాడో వాళ్ళ వేషమే! యాస అలా వెంటాడింది. 1943లో చనిపోయాడు, హిట్లర్ ఓడిపోవడం చూడనే లేదు.

అన్నట్టు, జైరాజ్ హీరోగా వచ్చిన "భాభీ" (1938) తీసింది కూడా ఓ జర్మనే, బాంబే టాకీస్ డైరెక్టర్ ఫ్రాంజ్ ఆస్టెన్. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్‌వాళ్ళు ఆస్టెన్‌ని పట్టుకెళ్ళి నిర్బంధించారు.

జైరాజ్ మాత్రం అమర్‌సింగ్ రాథోడ్ (1957), టిప్పు సుల్తాన్ (1959), చంద్రశేఖర్ ఆజాద్ (1963)... ఇలా చరిత్ర పురుషులందరినీ తెర మీదికి తెచ్చారు. దిలీప్‌కుమార్‌తో "ప్రతిమ" (1945) డైరెక్ట్ చేశారు. 2000లో ముంబైలోనే కన్నుమూశారు.

మా ఉమ్మడి నల్గొండ నుంచి మద్రాసు వెళ్ళిన కాంతారావు మనందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన కత్తి తిప్పింది తెలుగు సినిమాల్లో. జైరాజ్ పని హిందీలో జరిగింది కాబట్టి మన లెక్కలోంచి జారిపోయారు. వేరే దేశాల కంపెనీలకి కోడ్ రాస్తున్న మనకి ఈ లెక్క ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

హైదరాబాద్ రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కి ఆయన పేరు పెట్టారు. అక్కడ బోర్డు చూసి "ఈ జైరాజ్ ఎవరు?" అని ఎవరైనా అడిగితే, మీరు చెప్పండి.