వనమూ సంతానమే
మన ప్రాంతపు తోటలు, తోపులు: ఒక పరిశీలన

మనిషి వెనుక నిలిచే సంతానం ఏడు విధాలని మన పెద్దలు చెప్పారు. కడుపున పుట్టిన బిడ్డ ఒకటి. తక్కినవి చెరువు, గుడి, వనం, నిధి, అగ్రహారం, కావ్యం. వీటినే సప్తసంతానాలు అన్నారు. వెనుకటి రాజులు, సామంతులు, సంపన్న గృహస్థులు చెరువులు తవ్వించి తోటలు వేయించి ఆ సంగతి శాసనాలకెక్కించటం వెనుక ఉన్న భావన ఇదే. ఈ జాబితాలో గమనించదగిన విశేషం ఒకటి కలదు. వనాన్ని మన పూర్వులు బిడ్డలకిచ్చే ఆస్తుల పద్దులో వ్రాయలేదు. బిడ్డ పక్కన మరొక బిడ్డగా వ్రాశారు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, కార్తీక మాసంలో వనసమారాధనకు కలిసినప్పుడల్లా మన సభ్యులలో ఒక ఆలోచన వినవస్తున్నది. రిటైర్మెంటు సొమ్ములో కొంత పెట్టి, ఒక్కరుగానో, రెండు మూడు కుటుంబాలు కలిసో, ఎకరమో రెండెకరాలో కొని చెట్లకు వదిలివేస్తే బాగుండునని. సెలవులకు వచ్చే మనుమలు ఆడుకోవటానికి నీడ, పిట్టలకు ఆశ్రయం, మనకు సాయంకాలం కాలక్షేపం. ఇంగ్లండులో ఇలా నాలుగైదెకరాల అడవిని కుటుంబ విహారం కోసం కొనుక్కునేవారు చాలామంది ఉన్నారు. అటువంటి చిన్న అడవులను అమ్మే సంస్థలూ అక్కడ ఉన్నాయి. వట్లూరు, ఏలూరు పరిసరాలలో ఇది సాధ్యమేనా? సాధ్యమైతే ఎంతకాలం నిలుస్తుంది? జవాబు చెప్పే ముందు మన ప్రాంతంలో చెట్లకు, హక్కులకు ఉన్న సంబంధాన్ని కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి.

తోపు ఎవరిది?

తోట వేరు, తోపు వేరు. తోట ఫలసాయం కోసం. తోపు నీడ కోసం, వంటచెరకు కోసం, బాటసారి కోసం. బాటల వెంట మర్రిచెట్లు, మామిడి తోపులు నాటించినట్లు అశోకుడు తన స్తంభశాసనంలో చెప్పుకున్నాడు. అంటే రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడిన అలవాటు ఇది. ఇంగ్లీషువారు వచ్చాక దండు దిగాలన్నా, కలెక్టరుగారి మకాం పడాలన్నా తోపే చూసుకునేవారు. దక్షిణాదిలో విన్న ఆ మాటనే ‘టోప్’ అని తమ భాషలో కలుపుకున్నారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ పదానికి చోటు దొరికింది.

రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి ‘తోపు పోరంబోకు’ అన్న మాట కొత్త కాదు. నేనూ ఆ శాఖవాడినే. ఊరి లెక్కల్లో చెరువు, బాట, శ్మశానం, మందబయలు సరసన తోపుకూ ఒక సర్వే నంబరు ఉండేది. పోరంబోకు భూమిలో చెట్లు పెంచినవారికి వాటి ఫలసాయం అనుభవించుకొమ్మని 2-సి పట్టా ఇచ్చే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనుంచి ఉన్నది. దీనిలోని ఏర్పాటు చూడండి. నేల సర్కారుది. కాయ పెంచినవాడిది. నీడ దారిన పోయేవాడిది. ఒకే చెట్టు కింద మూడు హక్కులు తగవు లేకుండా నిలిచాయి. సొంత పట్టా తోటలలో కూడా కాయల కాపు ఇంటికి చేరిన తరువాత ఊరివారు వంటలు చేసుకోవటానికి వస్తే వద్దనేవారు అరుదు. వనభోజనాలు ఈ ఔదార్యం మీదనే బ్రతికాయి.

కాలువలు వచ్చిన తరువాత

1833 నాటి డొక్కల కరువు తరువాత ప్రభుత్వం కన్ను గోదావరి నీటి మీద పడింది. కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. పశ్చిమ డెల్టాకు కాలువలు సాగాయి. ఏలూరు కాలువ గోదావరి నీటిని మన ఊరిదాకా తెచ్చింది. ఆ నీటివల్ల మనం తిన్న అన్నాన్ని మరచి మాట్లాడరాదు. అయితే నీరెక్కిన నేల వరినే కోరుతుంది. ఎకరం విలువ పెరిగేకొద్దీ ఊరి చివర తుప్పలు, తుమ్మలు, ఈతవనాలు మడిచెక్కలయ్యాయి. చెట్టు గట్టుకు చేరింది. డెల్టాలో ఇవాళ పెద్దచెట్టు కనబడేది కాలువ గట్టునో, గుడి దగ్గరో, పొలం గట్టు మీది తాళ్ళవరుసలోనో.

అడవుల సంగతి వేరే నడిచింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో సర్కారు అడవులు రిజర్వులయ్యాయి. జమీందారుల అడవులు మాత్రం వారి చేతిలోనే ఉన్నాయి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినప్పుడు బంజర్లు, పచ్చిక బయళ్ళు, అడవులు, చెరువులు సర్కారుకు దఖలుపడ్డాయి. స్వాధీనమయ్యేలోపే చెట్లు కొట్టించి అమ్మే ప్రమాదం కనిపించటంతో 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టం తెచ్చారు. కలెక్టరు అనుమతి లేనిదే అటువంటి అడవిని అమ్మరాదని, చెట్లు కొట్టరాదని అది శాసించింది. చేయిమారబోయే అడవికి గొడ్డలి ముప్పు మొదటిదని ఆనాటి శాసనకర్తలు గ్రహించారన్నమాట.

మెట్ట ప్రాంతంలో మామిడి, జీడిమామిడి తోటలు మరికొంత కాలం నిలిచాయి. వాటిలో కొంత పొగాకుకు, కొంత ఆయిల్‌పామ్‌కు మళ్ళింది. ఆయిల్‌పామ్ పరిశోధనకు జాతీయ కేంద్రమే 1995లో పెదవేగిలో వెలసింది. ఆకుపచ్చగా ఉన్నదంతా అడవి కాదు. ఒకే జాతి చెట్లను వరుసగా నాటిన చోట అన్ని రకాల పిట్టలకూ తిండి, గూడు దొరకవు.

పక్షులు ఎంచుకున్న చెట్లు

చిన్న చెట్లగుంపు వన్యప్రాణికి ఏపాటి ఉపకారం అని అడిగేవారికి మన జిల్లాలోనే జవాబున్నది. కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గుంపులుగా గూళ్ళు పెట్టటం కనుగొన్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1949లో ఆ వివరాలు ప్రకటించారు. ఆ గూళ్ళున్నది రిజర్వు అడవిలో కాదు, ఊరి చెట్ల మీద. తరువాతి దశాబ్దాల్లో ఆ కాలనీ చెదిరిపోయింది.

1970ల నుంచి కొల్లేరులో చేపల చెరువులు పెరిగాయి. 1999లో +5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు తెగగొట్టారు. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులను చూడటానికి జనం పడవలెక్కుతున్నారు. అక్కడ చాలినన్ని చెట్లు లేక అటవీశాఖవారు ఇనుప స్టాండ్లు పాతితే వాటి మీద పక్షులు గూళ్ళు కట్టుకుంటున్నాయి. పక్షికి పట్టుదల ఉన్నదని సంతోషించాలో, చెట్టుకు బదులు ఇనుము నాటవలసి వచ్చిందని విచారించాలో పాఠకులే ఆలోచించాలి.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, హిందూపురం వైపు వీరాపురంలో కొంగలు నేటికీ ఊరి చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. వాటి రాక శుభమని వీరాపురంవారి నమ్మకం. అక్కడ పక్షులను కాపాడుతున్నది చెట్టున్న ఇంటివారి ఓర్పు. రెట్ట వాసన, రాత్రి గోల భరించి చెట్టు కొట్టకుండా ఉంచటం సామాన్యమైన త్యాగం కాదు.

కొనదలచినవారికి

మన జిల్లా పటం ముందు పెట్టుకుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఉత్తరాన పోలవరం, బుట్టాయగూడెం వైపు అసలైన అడవి ఉన్నది. అక్కడి ఏజెన్సీ గ్రామాలలో 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, దానికి వచ్చిన 1970 సవరణ, అనగా మనమందరం ఎరిగిన 1/70, గిరిజనేతరులకు భూమి కొనుగోలును నిషేధించాయి. అది న్యాయమైన నిషేధం. బినామీ పేర్లతో దానిని దాటాలని చూడరాదు. దక్షిణాన కొల్లేరు. అభయారణ్యం హద్దులో వన్యప్రాణి చట్టం ఆంక్షలున్నాయి. అడవి ఉన్నచోట మనం కొనరాదు. మనం కొనగలిగినచోట అడవి లేదు. మిగిలింది నడుమనున్న మెట్ట. అంటే మనం కొనేది వనం కాదు, వనం కాగల నేల. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఓపిక పట్టవలసిన వ్యవహారమిది.

అక్కడ కూడా పత్రాలు చూడాలి. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును 1977 చట్టం కట్టడి చేసింది. 2023లో సవరణ వచ్చినా, తహశీల్దారు కార్యాలయంలో విచారించకుండా బయానా ఇవ్వరాదు. అడంగల్, 1-బి, ఈ.సి., 22-ఎ నిషేధిత జాబితా, ఎఫ్.ఎం.బి. పటం, ఈ అయిదూ చూసి, సర్వేయరుచేత రాళ్ళు వేయించుకున్న తరువాతే రిజిస్ట్రేషన్. చెట్లు పెరిగాక కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలని కూడా గుర్తుంచుకోవాలి.

నాటేటప్పుడు టేకు, జామాయిల్ వంటి అమ్మకపు చెట్లతో నింపవద్దు. మర్రి, రావి, జువ్వి, మేడి, నేరేడు, చింత, వేప, కానుగ, ఈత కలిపి వేస్తే ఏడాది పొడుగునా ఏదో ఒక పిట్టకు తిండి ఉంటుంది. పల్లంవైపు చిన్న నీటిగుంట, పిల్లలు నడవటానికి శుభ్రమైన కాలిబాట ఉంటే చాలు. మిగతాది నేలకు వదలాలి.

తన తరువాత?

అసలు చిక్కు ఇక్కడున్నది. తండ్రి వేసిన తోట కొడుకులకు, కూతుళ్ళకు వాటాలవుతుంది. వాటాదారులు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. వారిని తప్పుపట్టనవసరం లేదు. దూరాన ఉన్నవారికి చెట్టు కనబడదు, ఎకరం ధర కనబడుతుంది. తోట వెంచరవుతుంది.

ఈ విషయంలో తెలుగువారిలో ఒక మహానుభావుని ఉదాహరణ చెప్పాలి. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశ్చర్ల సత్యనారాయణగారు ఒకప్పుడు బ్యాంకు ఉద్యోగి. నల్లగొండ ఫ్లోరైడు బాధితుల కోసం ఉద్యోగం వదలి జలసాధన సమితి నడిపారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేసి దేశమంతటి దృష్టిని ఆకర్షించిన ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఉద్యమం ఆయనదే. ఆయనే పిత్రార్జితమైన భూమిలో సుమారు డెబ్బై ఎకరాలను దశాబ్దాలపాటు అడవిగా పెంచారు. రియల్ ఎస్టేటు ధరలకు లొంగలేదు. ఆ నేల తన పిల్లలది కాదని, అక్కడి పశుపక్ష్యాదులదని పత్రికలవారికి చెబుతూ వచ్చారు. సప్తసంతానాల మాటకు మన కాలంలో ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

అందరికీ అంత మనోబలం ఉండదు. అందుకు చట్టం ఒక దారి చూపింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2003లో అమలులోకి వచ్చిన సవరణలో 36-సి సెక్షను చేరింది. ఒక వ్యక్తిగాని, సమాజంగాని స్వచ్ఛందంగా ముందుకు వస్తే ప్రైవేటు భూమిని కూడా రాష్ట్రప్రభుత్వం ‘కమ్యూనిటీ రిజర్వు’గా ప్రకటించవచ్చు. ఆ తరువాత యాజమాన్య కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేనిదే భూమి వాడుక మార్చటానికి వీలులేదు. ఒకటి రెండెకరాలకు అంత దూరం వెళ్ళలేకపోతే ట్రస్టు పత్రమైనా వ్రాసుకోవచ్చు. ముందు పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడాలి. వారికి రావలసినది వారికి వేరుగా ఏర్పాటు చేసి, ఈ చెక్క మాత్రం వాటాల లెక్కలోకి రాదని వారి సమ్మతితో వ్రాయాలి. సమ్మతి లేని త్యాగం కోర్టుకెక్కుతుంది.

కనుక ఇష్టమున్న సభ్యులకు నా సూచన ఇది. కొనుగోలు పత్రం వ్రాయించుకున్న రోజుననే దాని తరువాతి పత్రం కూడా ఆలోచించండి. ఒంటరిగా కంటె మూడు నాలుగు కుటుంబాలు కలవటం మేలు. ఒకరి ఇంట ఆసక్తి తగ్గినా మరొకరి ఇంట నిలుస్తుంది. పాత తోపు పద్ధతిని మరువక, కార్తీకంలో పదిమందికి నీడ పంచండి. ఆసక్తి గలవారు సంఘ కార్యాలయంలో పేర్లు ఇచ్చినచో, భూమి పత్రాలు చూసిపెట్టటానికి మన రెవెన్యూ, రిజిస్ట్రేషన్, అటవీ శాఖల విశ్రాంత మిత్రులు కొందరం సిద్ధంగా ఉన్నాము.